గేలెన్ హ్రుస్కా గురించి నేను రాసింది

సెప్టెంబర్ 14, శనివారం

ఎనభై ఏడో నంబరు. గేలెన్ హ్రుస్కా. ఆరడుగుల ఐదంగుళాలు, రెండువందల అరవై పౌన్లు. కాలేజీ ఫుట్‌బాల్‌లో టైట్ ఎండ్: బంతి పట్టాలి, అడ్డొచ్చేవాళ్ళని కొట్టి తప్పించాలి.

మొదటి క్వార్టర్‌లో చెప్పుకోదగ్గదేమీ లేదు. రెండు బంతులు పట్టాడు, ఒకటి వదిలాడు. చేతులు మెత్తనివి కావు. రెండో క్వార్టర్‌లో బంతి ఉన్నవాడు కుడివైపు పరిగెత్తాడు. హ్రుస్కా పని వాణ్ణి ఆపడానికొచ్చే అవతలి జట్టు లైన్‌బ్యాకర్‌ని దారిలోంచి తప్పించడం. తప్పించడమంటే పక్కకి నెడితే చాలు. ఇతను ఆ అబ్బాయి చంకల కింద రెండు చేతులూ దూర్చి, నేల మీంచి లేపి, పదిహేను గజాలు మోసుకుపోయాడు. గీత దాటాడు. ఆగలేదు. నీళ్ళ పీపాలున్న బల్ల మీద వేసి తనూ మీద పడ్డాడు. ఏదో విరిగిన చప్పుడు పైన పత్రికలవాళ్ళ గదిలో ఉన్న నాకు వినిపించింది. బల్ల అనుకున్నాను. భుజం ఎముక అని తర్వాత తెలిసింది.

జనమంతా లేచి నిలబడ్డారు. నేను కూడా లేచానని మళ్ళీ కూర్చున్నప్పుడు తెలిసింది.

ఆట అయ్యాక విక్ సలెర్నో ఫోన్ చేశాడు. మా పెద్ద జట్టు ఏటా డ్రాఫ్టులో రౌండుకొకణ్ణి చొప్పున కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకుంటుంది, ఆ విభాగానికి అతనే పెద్ద.

"ఎలా ఉన్నాడ్రా?"

"ఒకడి భుజం విరగ్గొట్టాడు."

"పోయినేడు నువ్వు తెచ్చిన టైట్ ఎండ్ సోడా గ్లాసు కూడా విరగ్గొట్టలేదు. బంతి పట్టేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు మెర్ల్. నాకు కొట్టేవాడు కావాలి. ఏప్రిల్లో డ్రాఫ్టుకి వెళ్ళేసరికి వీడి సంగతి నాకు అక్షరం పొల్లుపోకుండా తెలియాలి."

మా ఆవిడ నార్మా ఇంకా వాళ్ళ చెల్లెలి దగ్గరే ఉంది. మణికట్టు కట్టు విప్పలేదట. మా వంటింటి తలుపు బరువు. గాలికి కొట్టుకుంటుంది.

సెప్టెంబర్ 15

టేపు తెప్పించుకున్నాను. ఆ ఒక్క దెబ్బనీ తొమ్మిదిసార్లు చూశాను. పని కోసమే.

సెప్టెంబర్ 24

సాధన చూడనిచ్చారు. చేతులు ఐదు మార్కులు. కాళ్ళు ఆరు. అడ్డుకోవడం తొమ్మిది. ఆటగాళ్ళని వెతికే ఈ ఇరవై రెండేళ్ళ స్కౌటు ఉద్యోగంలో నేను తొమ్మిది వేయడం ఇది మూడోసారి. స్వభావం దగ్గర ఖాళీ వదిలాను.

తొమ్మిదికి కారణం బలం కాదు. బలం చాలామందికి ఉంటుంది. ఎదుటివాడు ఓడిపోయాక కూడా ఇతని కాళ్ళు ఆగవు. పొట్టి అడుగులు, చకచకా, కుట్టుమిషను సూదిలాగ. నేర్పితే వచ్చేది కాదది. నాకు తెలుసు. నాలుగేళ్ళు మైదానంలో ఈ పనే చేసి తిండి తిన్నవాణ్ణి.

తలనొప్పి. హోటల్ గది నంబరు రెండుసార్లు మర్చిపోయాను. అద్దం మీద రాసి పెట్టుకున్నాను.

అక్టోబర్ 5, శనివారం

హ్రుస్కాకి ఈరోజు గట్టిగా తగిలింది. బంతి కోసం ఎగిరినప్పుడు ఒకడు పక్కనించి వచ్చి హెల్మెట్‌తో దవడ కింద పొడిచాడు. పడ్డవాడు లేచి నేరుగా అవతలి జట్టు గుంపులోకి నడిచి, వాళ్ళ మధ్య నిలబడ్డాడు. వాళ్ళు నవ్వారు. ఒకడు భుజం పట్టుకుని ఇటు తిప్పి పంపాడు.

పక్కన కూర్చోబెట్టి ఏదో వాసన చూపించారు. నాలుగు నిమిషాలు. మళ్ళీ దింపారు.

దిగీ దిగగానే తనని కొట్టినవాణ్ణి వెతుక్కున్నాడు. నియమం తప్పలేదు, ఎదురుగానే వెళ్ళాడు. వాడి హెల్మెట్ ఊడి దొర్లింది, వాడు దాని కోసం మోకాళ్ళ మీద పాకుతూ గడ్డిలోకి వాంతి చేసుకున్నాడు. హ్రుస్కా ముక్కులోంచి రక్తం పెదాల మీదికి వస్తోంది. దాన్ని నాలుకతో తుడుచుకుంటూ వరసలో వెళ్ళి నిలబడ్డాడు.

నాకు నచ్చింది. ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. నచ్చింది.

అక్టోబర్ 20, ఆదివారం

ఈ వారం ఆట లేదు. హ్రుస్కా వాళ్ళ పందుల ఫారానికి వెళ్ళాను. ఊరికి పన్నెండు మైళ్ళు. మొక్కజొన్న కోత సగం అయింది, గాలినిండా దుమ్ము.

తండ్రి ఎమిల్. పొట్టివాడు. కొడుకు గుండెదాకా వస్తాడు. పందుల్ని లారీకెక్కిస్తున్నారు. నేను కంచె పక్కన నిలబడ్డాను. ఒక పెద్ద పంది వెనక్కి తిరిగింది. గేలెన్ పక్కకి జరిగి దానికి దారిచ్చాడు. ఎమిల్ చేతిలో తోలే కర్ర ఉంది. దాంతో కొడుకు చెవి మీద కొట్టాడు. పందిని కొట్టినట్టే, అంతే బలంగా.

"దారిస్తావేరా? నీ బాబు సొమ్మనుకున్నావా?" అని తనే నవ్వాడు. "అవున్లే, నీ బాబు సొమ్మే."

గేలెన్ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు పట్టుకున్నాడు. చెవి ఎర్రబడింది. ఎమిల్ ఇంకోటి వేశాడు, మెడ మీద. నన్ను చూస్తూ వేశాడు. సరుకు చూపించేవాడిలా.

భోజనానికి కూర్చోబెట్టారు. పంది మాంసం, పులిసిన క్యాబేజీ, ఉడికించిన పిండి ముద్దలు. ఇంట్లో ఆడమనిషి లేదు. ఎమిల్ తింటూనే ఉన్నాడు.

"ఆగస్టులో వీడు ఒకడి కన్ను తీసేశాడు. చెప్పారా మీకు కాలేజీవాళ్ళు?"

"లేదు."

"చెప్పరు. నేను చెప్తున్నా, రాసుకోండి. ఫైఫర్ అని, మా ఊరివాడే. జట్టులోవాడే. ఎడమ కన్ను. చేత్తోనే."

గేలెన్ ఫోర్కు కింద పెట్టాడు. "నాన్నా, ఆపు."

"ఏం, తప్పా? సారు ఇంత దూరం వచ్చింది నీ చక్కదనం చూడ్డానికా? మీ జట్టుకి మెత్తనివాడు కావాలా సార్?"

నేను ప్లేటులోకి చూస్తూ మరికొంచెం క్యాబేజీ వడ్డించుకున్నాను.

అక్టోబర్ 21

కన్ను.

అక్టోబర్ 29

ఓవెన్ ఫైఫర్ ఇల్లు దాణా మిల్లు వెనక వీధిలో. ఇరవయ్యేళ్ళు. మిల్లులో బస్తాలెత్తే పనిలో చేరాడు. ఎడమ కన్ను ఉంది, చూపు లేదు. పాలు కలిపిన నీళ్ళలా ఉంది. తల్లి లొరెటా తలుపు తీసింది గాని కూర్చోమనలేదు. ఓవెనే కుర్చీ చూపించాడు. అది అతని ఎడమవైపు పడింది. నేను జరిపి కుడివైపు వేసుకున్నాను. అప్పుడు కొంచెం నవ్వాడు.

"మీ జట్టుకి తీసుకుంటారా అతన్ని?"

"అది నేను చెప్పేది కాదు. నేను రాస్తాను, వాళ్ళు తేలుస్తారు. ఏం జరిగింది?"

చెప్పాడు. ఆగస్టులో, ఎండలో, సాధన ఆఖర్న కోచ్ లోమాక్స్ జట్టంతటినీ గుండ్రంగా నిలబెట్టాడు. లోపల ఇద్దరు. ఒకడు లేవలేనిదాకా. ఓవెన్ ఆటల్లో ఆడేవాడు కాదు, సాధనకి మనిషి తక్కువైతే నిలబెట్టేవాళ్ళు. రెండోసారి గుద్దుకున్నప్పుడు అతని హెల్మెట్ ఊడింది.

"గేలెన్ ఆగాడు సార్. ఆగి కోచ్ వైపు చూశాడు. కోచ్ ఏమన్నాడో తెలుసా? 'నిన్నెవడు ఆగమన్నాడు?' అన్నాడు. అంతే. మోచేత్తో మొదలుపెట్టాడు. నేను కింద పడ్డాక మీద కూర్చున్నాడు. మూడు దెబ్బలదాకా లెక్కపెట్టాను. తర్వాత లెక్క తప్పింది."

"ఎవరూ ఆపలేదా?"

"అరిచారు. ఆపమని కాదు."

లొరెటా గోడకానుకుని వింటోంది. "ఆసుపత్రికి వచ్చాడు ఆ అబ్బాయి, ఒకసారి," అంది. "గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయాడు. మీరెందుకొచ్చారు?"

"నా రిపోర్టులో రాస్తాను. ఇలాంటివాటికి పెద్ద జట్లు వెనకాడతాయి. అతను వరసలో బాగా కిందికి పోతాడు."

"అతన్ని కిందికి తొయ్యమని నేనడగలేదు," అన్నాడు ఓవెన్. "జరిగింది జరిగినట్టు ఎవరైనా ఒక కాగితమ్మీద రాస్తే చాలు. కాలేజీ కాగితంలో నేను మెట్ల మీంచి పడ్డానని ఉంది."

మాటిచ్చాను. కారెక్కాక మెట్లన్న మాటకి నవ్వొచ్చింది. మైదానంలో మెట్లెక్కడివి? కాసేపటికి నవ్వు ఆగింది. ఇంజను స్టార్టు చేసి చాలాసేపు అక్కడే ఉన్నాను.

నవంబర్ 6

లోమాక్స్ తన గదిలో గుడ్డు శాండ్‌విచ్ తింటూ మాట్లాడాడు.

"ఫైఫర్ మెట్ల మీంచి పడ్డాడు."

"కాగితంలో అలాగే ఉందట."

"ఇంకేం మరి. ఎందుకు దుమ్ము రేపుతావ్ మెర్ల్? నువ్వూ ఆడినవాడివే. నీ టేపులు నేను చూశాను. కాలేజీలో ఉన్నప్పుడు మా కోచ్ మాకు నీ ఆటే చూపించేవాడు, ఇదిగో ఇలా తొక్కాలి అని."

"నేను ఎవరి కన్నూ తియ్యలేదు."

"తీసుంటే నీకు తెలిసేదా?"

లోమాక్స్ వేళ్ళు నాక్కుని అన్నాడు: "మీ విక్ నాకు ఫోన్ చేసి ఏమడుగుతాడనుకున్నావ్, వీడు ప్రతి ఆదివారం చర్చికెళ్తాడా అనా?"

నవంబర్ 24, ఆదివారం

నిన్న ఆఖరి ఆట. ఏడు బంతులు పట్టాడు, చేతులకి ఆరు వేయొచ్చు. మూడో క్వార్టర్‌లో ఒకణ్ణి మోకాలి కీలు పక్కకి తిరిగేలా పడగొట్టాడు. వాడి అరుపు పందిపిల్ల అరుపులా ఉంది.

ఈరోజు మధ్యాహ్నం గేలెన్ నా కారులో కూర్చున్నాడు. సీటు ఆఖరిదాకా వెనక్కి జరిపినా మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగులుతున్నాయి. మంచు పడుతోంది. చేతి కణుపుల మీద చర్మం లేదు.

మామూలు ప్రశ్నలు అడిగాను. చదువు, మోకాళ్ళు, తలకి ఎన్నిసార్లు తగిలింది. లెక్క తెలియదన్నాడు. అక్టోబర్ ఆటలో రెండో సగం గుర్తు లేదట, టేపులో చూసుకున్నాడట.

"ఓవెన్‌ని ఎందుకు ఆపకుండా కొట్టావు?"

కిటికీలోంచి బయటికి చూశాడు. "కోచ్ ఆగమనలేదని చెప్పనా, నిజం చెప్పనా?"

"నిజమే చెప్పు."

"మొదటిది కోచ్ కోసం సార్. మిగతావి నావి."

"కోపమా వాడి మీద?"

"ఓవెన్ మీదా? పాపం, వాడు నాకు లెక్కలు చెప్పేవాడు. కోపం కాదు. హాయిగా ఉండింది. మా నాన్న కొడుతుంటే నేను చేతులు వెనక పెట్టుకుంటాను, చూశారుగా. ఆ చేతులకి పని దొరికినట్టయింది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు శనివారాల్లో కాలేజీ ఆటలున్నాయి. మీరు తీసుకుంటే ఆదివారాల్లో మీ ఆటలుంటాయి." నా వైపు తిరిగాడు. "అవి కూడా అయిపోయాక ఏం చేస్తారు సార్? మీరేం చేశారు?"

"పెళ్ళి చేసుకున్నాను," అన్నాను.

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. అద్దాల మీద ఆవిరి పట్టేదాకా నవ్వాం.

డిసెంబర్ 1

తలుపు కాదు.

డిసెంబర్ 3

తలుపు ఉంది, అది నిజమే. నేను నార్మాని దానికేసి నొక్కాను.

ఆగస్టు పదకొండు. పొయ్యి వెలిగించి మర్చిపోయావంది. లేదన్నాను. నిన్న కూడా మర్చిపోయావు, డాక్టరు దగ్గరికి వెళ్దాం పద, అని నా చెయ్యి పట్టుకుంది. అంతే. నా చేతులు ఆమె చంకల కిందికి వెళ్ళాయి. నేను యాభై ఒక్కేళ్ళ మనిషిని. ఆమె బరువు నూట ఇరవై పౌన్లు. ఆమె పాదాలు నేల మీద లేవు. తలుపుకి తగిలాక కూడా నా కాళ్ళు ఆగలేదు, పొట్టి అడుగులు. ఆమె చెయ్యి వెనక ఇరుక్కుంది. చప్పుడు విన్నాను.

అంతకుముందు కూడా. రెండుసార్లు. మూడు.

ఆసుపత్రిలో తలుపని చెప్పింది ఆమే. నేను పక్కన నిలబడి అవునన్నాను. తర్వాత ఇక్కడ కూడా అదే రాసుకున్నాను. ఈ నోట్‌బుక్ నేను తప్ప ఎవరు చదువుతారని?

జనవరి 12

నార్మాకి ఫోన్ చేశాను. తలుపు కాదని చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నావ్ మెర్ల్? నేనక్కడే ఉన్నాగా," అంది.

డాక్టరుకి తల చూపించుకుంటానన్నాను. చూపించుకో అంది. ఇంటికి రమ్మని అడగలేదు నేను. తను ఫోన్ పెట్టేశాక కుర్చీలో కూర్చుంటే ఒళ్ళు తేలికయినట్టు అనిపించింది. చెప్పేశాను. ఇక మళ్ళీ అలాంటిది జరగదు. పేరు పెట్టి చెప్పుకున్న తప్పు మళ్ళీ చేయరు మనుషులు.

ఫిబ్రవరి 20

రిపోర్టు ఇచ్చేశాను. ఆఖరి పేజీ ఇక్కడ కూడా రాసుకుంటున్నాను:

"స్వభావం: ఆగస్టులో సాధనలో హెల్మెట్ ఊడిన సహచరుణ్ణి కింద పడేసి, మీద కూర్చుని కొట్టాడు. ఆ అబ్బాయికి ఎడమ కన్ను పోయింది. కోచ్ ప్రోత్సహించాడు, కాలేజీ మాత్రం మెట్ల మీంచి పడ్డాడని రాసుకుంది. బాధితుడితోనూ హ్రుస్కాతోనూ నేను స్వయంగా మాట్లాడాను. కొట్టడంలో తనకి హాయి ఉందని హ్రుస్కా ఒప్పుకున్నాడు. ఇంట్లో తండ్రి కొడతాడు. తలకి పలుమార్లు దెబ్బలు, జ్ఞాపకం పోవడం. ఆట అయ్యాక ఇతను ఎవరి మధ్య బతుకుతాడో వాళ్ళకి ప్రమాదం. తీసుకోవద్దు."

ఇరవై రెండేళ్ళలో 'తీసుకోవద్దు' కింద నేను రెండు గీతలు గీయడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 26

విక్ పిలిచాడు. పెద్ద గదిలో తొమ్మిదిమంది ఉన్నారు. నా ఆఖరి పేజీ వాళ్ళందరికీ పైకి చదివాడు. బాగా చదువుతాడు, ఎక్కడ ఆగాలో తెలుసు. 'మీద కూర్చుని' దగ్గర ఆగాడు. టైట్ ఎండ్లకి ఆట నేర్పే కోచ్ ఈల వేశాడు.

"మెర్ల్, నువ్వు రాసినవాటిలో ఇదే మంచి రిపోర్టు," అన్నాడు విక్. "మూడో రౌండులో చూద్దాం అనుకున్నాం. ఇంకా ముందుకి, రెండోదానికి జరిపాం."

"వద్దని రాశాను."

"చూశాం. ఎందుకు వద్దన్నావో చదివాకే జరిపాం."

"విక్, ఆ అబ్బాయి కన్ను పోయింది."

"పోయింది పాపం. దానికి కాలేజీ ఉంది, కోచ్ ఉన్నాడు. మన జట్టులో హెల్మెట్లు గట్టిగానే కడతాం." అందరూ నవ్వారు. "కూర్చోరా. కాఫీ తాగు."

కూర్చున్నాను. కాఫీ తాగాను.

మార్చి 15

ఓవెన్‌కి ఉత్తరం రాయాలి. రాయలేదు.

ఏప్రిల్ 2

రాయలేదు.

ఏప్రిల్ 19, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

డ్రాఫ్టు రోజు నేను విక్ గదిలో ఉండాలి. ఒంట్లో బాగాలేదని చెప్పి నిన్ననే ఈ ఊరికి వచ్చాను. మధ్యాహ్నం దాటాక ఓవెన్ ఇంటికి వెళ్ళాను. టీవీ చూస్తున్నాడు. జట్లు వంతులవారీగా ఒక్కో పేరూ పిలుస్తున్నాయి. లొరెటా వంటింట్లో బంగాళాదుంపలు వేయిస్తోంది.

రెండో రౌండులో మా వంతు వచ్చింది. గేలెన్ హ్రుస్కా. టీవీలో వాళ్ళ ఫారం చూపించారు. ఎమిల్ కొడుకు వీపు మీద చరుస్తున్నాడు. గేలెన్ చేతులు వెనక్కి పెట్టుకుని నవ్వుతున్నాడు. బయట ఎవరో కారు హారన్ మోగిస్తూ పోయారు. ఊరంతా మోగింది.

ఓవెన్ టీవీ కట్టేశాడు. "రాశారా?"

"రాశాను."

"అంతా?"

"అంతా. మోచెయ్యీ, కన్నూ, కోచ్ అన్న మాటా."

"చదివారా వాళ్ళు?"

"చదివారు."

"ఏమన్నారు?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. "మూడో రౌండు నుంచి రెండోదానికి జరిపారు," అన్నాను.

వెంటనే అర్థం కాలేదు అతనికి. అర్థమయ్యాక చిన్నగా నవ్వి లేచాడు. నేనూ లేచాను. కొట్టాడు. దూరం సరిగ్గా అందలేదు, దవడకి అనుకున్న దెబ్బ నా చెవి మీద పడింది. ఒక్కటే. కొట్టి చెయ్యి దించేశాడు. అది నేను చూశాను. దించేయడం చూశాను.

తర్వాతిది రాయాలి.

నా చేతులు అతని చంకల కిందికి వెళ్ళాయి. ఎత్తాను. కాళ్ళు కదిలాయి, ఈ మోకాళ్ళు, మెట్లెక్కడానికి రైలింగు పట్టుకునే ఈ మోకాళ్ళు. కుర్చీ మీదుగా, దీపం స్టాండు మీదుగా తీసుకెళ్ళి గోడకి కొట్టాను. గోడ మీది ఫోటోలు రాలి మా ఇద్దరి మీదా పడ్డాయి. గోడ తగిలాక కూడా అడుగులు వేస్తూనే ఉన్నాను. తివాచీ నా కాళ్ళ కింద ముడతలు పడి వెనక్కి పోతోంది. భుజం అతని ఛాతీలోకి దిగింది. లోపల కటుక్కుమంది, మళ్ళీ కటుక్కుమంది. అతని మంచి కన్ను పెద్దదయింది. రెండోది అలాగే ఉంది. నా ముఖానికి అంగుళం దూరంలో.

హాయిగా ఉంది. నేను ఇలా రాస్తే తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి రాస్తున్నాను. చాలా హాయిగా ఉంది.

లొరెటా ఇనప పెనంతో నా వీపు మీద కొట్టింది. వేడి నూనె మెడ మీద పడింది. వదల్లేదు. రెండోసారి కొట్టాక వదిలాను. ఓవెన్ గోడ వెంట జారి కూర్చున్నాడు. గాలి పీలుస్తుంటే గొంతులోంచి సన్నటి కూత వస్తోంది.

"ఈ ఇంటికొచ్చిన ప్రతివాడూ వీణ్ణే కొట్టాలా?" అంది లొరెటా. అరవలేదు. నిజంగా అడిగినట్టే అడిగింది.

ఎత్తుకుని కారుదాకా తెస్తానన్నాను. పెనం ఎత్తింది. తనే అతన్ని లేపి, తన భుజం మీద వేసుకుని తీసుకెళ్ళింది. నేల నిండా గాజు పెంకులూ బంగాళాదుంప ముక్కలూ. పొయ్యి మండుతూనే ఉంది. ఆపి బయటికి వచ్చాను.

ఏప్రిల్ 20

మూడు పక్కటెముకలు. ఊపిరితిత్తికి దెబ్బ తగలలేదు. మేనమామనని అబద్ధం చెప్పి ఆసుపత్రివాళ్ళని అడిగాను.

ఏప్రిల్ 21, సోమవారం

ఉదయం విక్‌కి ఫోన్ చేసి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాను.

"ఏమైంద్రా? మెచ్చుకుంటే కూడా అలకేనా?"

"శనివారం ఓవెన్ ఫైఫర్‌ని గోడకేసి కొట్టాను. పక్కటెముకలు విరిగాయి."

అటువైపు నవ్వు. "ఈ వయసులో? ఇంకా ఆ సత్తా ఉందన్నమాట ముసలోడికి." పక్కన ఎవరికో చెప్పాడు. వాళ్ళు కూడా నవ్వారు.

ఫోన్ పెట్టేసి ఊరి పోలీసుల దగ్గరికి, షెరీఫ్ ఆఫీసుకి నడిచాను. బల్ల వెనక ఒక డిప్యూటీ ఉన్నాడు, ముప్ఫయ్యేళ్ళవాడు. నా పేరు చెప్పగానే లేచి చెయ్యి చాపాడు.

"హ్రుస్కాని ఎంచింది మీరే కదూ. మా ఊరి పేరు టీవీలో వచ్చింది సార్, మా అమ్మ ఏడ్చింది."

వచ్చిన పని చెప్పాను. చాపిన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

"లొరెటా వచ్చి చెప్పలేదే. ఆగస్టులో ఒకసారి వచ్చింది కొడుకు విషయమని. అదేదో మెట్ల గొడవ. ఏమీ తేలలేదు. ఇప్పుడు కూడా రాదు. మీరింటికెళ్ళండి సార్. అందరూ సంతోషంగా ఉన్నారు."

"రాయండి," అన్నాను.

"మొదట ఎవరు కొట్టారు?"

"ఓవెన్. నా చెవి మీద."

"ఇంకేం మరి. ఆత్మరక్షణ."

"కాదు. అతను ఒక్కటి కొట్టి చెయ్యి దించేశాడు. దించడం నేను చూశాను. చూశాకే మొదలుపెట్టాను."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. డిప్యూటీ సొరుగు తెరిచి ఫారం తీశాడు. ఎంతసేపు పట్టి ఉంచారని అడిగాడు. వాళ్ళమ్మ పెనంతో రెండోసారి కొట్టేదాకా అన్నాను. నేను నవ్వుతానేమోనని తలెత్తి చూశాడు. తర్వాత అదీ రాశాడు. కాగితం నా వైపు తిప్పాడు. ప్రతి మాటా చదివాను. 'తోశాను' అని ఒకచోట రాశాడు. ఆ మాట కొట్టేయించి, 'ఎత్తి గోడకి కొట్టాను' అని దిద్దించాను. సంతకం పెట్టాను.

రెండో ప్రతి లొరెటాకి పంపమన్నాను. షెరీఫ్ వచ్చేదాకా ఉండమన్నారు. వసారాలో బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంకా రాలేదు.